మోహనకు సిగ్గేస్తే

భారతమ్మ పొద్దున్నే చట్నీకి మిక్సీ వేసింది. కూతురు మోహన నీళ్లు తాగడానికి వంటింట్లోకి వచ్చింది. మిక్సీ ఆగిపోయింది. మోహన చెంబు పెట్టేసి వసారాలోకి పోగానే మళ్లీ తిరిగింది.

"ఏం చేసినావు మే?" అని భారతమ్మ అక్కడినుంచే అడిగింది.

"ఏం లేదుమా."

ఆ ఇంటికిది కొత్త కాదు. తప్పు చేసి సిగ్గుపడితే కొందరికి చెవులు ఎర్రబడతాయి, కొందరికి మాట తడబడుతుంది. మోహనకు చుట్టుపక్కల కరెంటు పోతుంది. పెళ్లిచూపుల సిగ్గుకు ఏమీ కాదులెండి, బల్బులన్నీ చక్కగా వెలిగాయి. పదో తరగతిలో కాపీ కొట్టి దొరికిన రోజు మాత్రం పాకాలలో వాళ్ల వీధి మొత్తానికి పోయింది. లైన్‌మన్ స్తంభం ఎక్కకుండా నేరుగా వీళ్లింటికే వచ్చి, గంటసేపు అమ్మాయిని బుజ్జగించి, మామూలు మరమ్మతని రాసుకుని వెళ్లాడు.

ఈసారి తప్పు పెద్దది. మోహన సూళ్లూరుపేట దగ్గర ఒక బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అట్టపెట్టెల కొలత తప్పు చెప్పింది ఆమే. ఆ కొలతతోనే ఆమె కింద పనిచేసే ధరణి ఆర్డరు పంపింది. రెండు లారీల పెట్టెలు వచ్చాయి, ఒక్క బొమ్మ పడితే ఒట్టు. సెలవు మీద ఇంటికి వచ్చిన మోహనకు మేనేజరు జయరావు ఫోన్ చేశాడు. "కొలత మీరే చెప్పారంటోంది ధరణి. నిజమేనా?"

"గుర్తు లేదు సార్" అంది మోహన.

"అయితే రేపు మూడు గంటలకు ల్యాప్‌టాప్ ముందు కూర్చోండి. ఇద్దర్నీ వీడియోలో ఎదురెదురుగా అడుగుతాను. తేలకపోతే ధరణిని ఇంటికి పంపడమే."

ఆ మాటతో చేతిలో ఫోను ఆరిపోయింది. ల్యాప్‌టాప్ కూడా అంతే, ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నిజం చెప్పాలంటే మోహనకు లోలోపల కాస్త హాయిగానే అనిపించింది. ఆ హాయికి మళ్లీ సిగ్గేసింది.

ల్యాప్‌టాప్ పట్టుకుని స్టేషన్ రోడ్డులో గుణశేఖర్ రిపేరు కొట్టుకు వెళ్లింది. అతను ఛార్జర్ మార్చి చూశాడు. బటన్ అరనిమిషం నొక్కి పట్టాడు. వెనక మూత విప్పి బ్యాటరీ తీగ పీకి పెట్టాడు, మెమరీ చిప్పును పిల్లల రబ్బరుతో రుద్దాడు. ఏం లాభం లేదు. పైన ఫ్యాను ఆగి చాలాసేపయింది.

"నువ్వు పోయి టీ తాగి రాపో" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆమె టీ తాగి వచ్చేసరికి తెర నీలంగా వెలుగుతోంది. గడపలో కాలు పెట్టింది. ఆరిపోయింది.

"దీనికి రోగం లేదు మోహనా."

"పనిచేయలేదని ఒక చీటీ రాసియ్యన్నా. ఆఫీసులో చూపించుకుంటా."

అతను ఆమె ముఖంలోకి చూడకుండా చీటీ రాసి చేతిలో పెట్టాడు. 'ల్యాప్‌టాప్ బాగుంది' అని ఉంది. "ఉన్నదే కదమ్మా రాయాల. ఎవురికేం చేసినావో నాకొద్దు. మిషన్లతో అయ్యే పని కాదిది, నువ్వే నేరుగా పో."

మోహనకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి తల్లికి అంతా చెప్పేసింది. చెప్పినా ఫ్యాను తిరగలేదు.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆ పిల్లకు చెప్పు" అంది భారతమ్మ.

మర్నాడు పొద్దున్నే బయలుదేరింది. రైలు కరెంటుతో నడిచేది, అంతమందిని దారిలో నిలబెట్టిన పాపం కూడా ఎందుకని బస్సెక్కింది. తిరుపతిలో మారింది. రెండు బస్సులకూ హారను మోగలేదు. డ్రైవర్లు దారి పొడుగునా తల బయటపెట్టి అరుస్తూనే నడిపారు.

మూడు గంటలకు ఆఫీసు గది తలుపు తోసింది. ట్యూబులైట్లు పోయాయి. ఏసీ ఆగింది. మేనేజరు ముందున్న కంప్యూటరు నల్లబడింది. ధరణి కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంది. బల్ల సొరుగు ఖాళీ చేసి సంచి కూడా సర్దేసుకుంది పాపం.

జయరావు ఎలక్ట్రీషియన్‌ను పిలవలేదు. ఆగిన ఏసీని చూశాడు, మోహనను చూశాడు. "మీరేనా?" అని మాత్రం అడిగాడు.

"నేనే సార్."

ఆయన ఫైలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, తెర పక్కకు లాగి, ఆ వెలుతురులో తప్పు ఎవరిదన్న చోట ధరణి పేరు కొట్టేసి మోహన పేరు రాశాడు.

ధరణి సంచి విప్పి కాగితాలన్నీ తీసి మళ్లీ బల్ల మీద పెట్టుకుంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ పొద్దు నాలుగు ఆర్డర్లు పంపాల" అంది తలెత్తకుండానే. "కొంచెం బయటికి పోక్కా."

మోహన బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. తలుపు కింద వెలుతురు ఒకసారి వచ్చి, ఆగి, మిణుకు మిణుకుమంది. ఆమె ఇంకో పది అడుగులు వెనక్కి జరిగి నిలబడింది.