బిస్కెట్ డబ్బాలో ముద్ర

బామ్‌గోల్ ఊళ్లో మగవాళ్ల పేర్లు చెక్కిన ముద్రలన్నీ ఊరిపెద్ద పాంగ్ ఇంట్లో, ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఎరువుల బస్తాకి ముద్ర కావాలి. విత్తనానికి కావాలి. పొగాకు అమ్మాలన్నా, బడి కాయితానికైనా కావాలి. ప్రతిసారీ పొలంలోంచి మనిషిని పిలిపించే ఓపిక ఎవరికుంది? అందుకని ఎవరి ముద్ర వాళ్లు పాంగ్ దగ్గర పడేసి పోయారు. పాంగ్ తండ్రి ఊరిపెద్దగా ఉన్న రోజుల నుంచీ అదే మామూలు. ఎర్రసిరాలో అద్ది కాయితం మీద కొడితే, ఆ పేరు గల మనిషి ఒప్పుకున్నట్టే.

తాక్ మన్‌సిక్ ముద్ర రేగుచెక్కది. పెళ్లికి మామ చెక్కించి ఇచ్చాడు. ఒక మూల చిట్లింది. కొడితే పేరులో చివరి గీత తెగి పడేది. వందలో కలిపినా అది తనదేనని చెప్పగలడు.

రెండేళ్ల కిందట సియోల్‌లో కాలేజీ పిల్లలు వీధుల్లోకి వచ్చి బాష్పవాయువుకు ఎదురు నిలబడ్డారు. ఆ చలికాలమే దేశాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోవచ్చన్నారు. ఓట్ల రోజు పాంగ్ తన పవర్ టిల్లరు తొట్టిలో ఊరందరినీ ఎక్కించుకుపోయాడు. ఎవరికి వేయాలో పొద్దున్నే మైకులో చెప్పాడు. మన్‌సిక్ చెప్పినట్టే వేశాడు. అతని భార్య తెర వెనక్కి పోయి, నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"ఎవరికేశావే?"

"చెప్పకూడదంట," అంది. ఇంటికొచ్చాక కూడా చెప్పలేదు.

మరుసటేడు ఆమె పొగాకు చేలో పురుగుమందు కొడుతూ గట్టు మీద పడిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయింది పాంగ్ పవర్ టిల్లరు మీదే. దారిలోనే ప్రాణం పోయింది. పాడె ముందు కొమ్ము పట్టిందీ పాంగే. ఆ రుణం మన్‌సిక్ మరిచిపోలేదు. పాంగ్ మరిచిపోనివ్వలేదు కూడా.

కూతురు యోన్‌జు అయిదో తరగతి. తల్లి పోయాక ఇంట్లో మాట్లాడటం మానేసింది. అడిగితే తలూపేది, లేకపోతే అదీ లేదు. మన్‌సిక్ ఏం చేయాలో తెలియక ఊరుకున్నాడు. మార్చిలో బడికి జిన్ హ్యేరాన్ అని కొత్త టీచరు వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. "మీ ఇంట్లో జరిగింది, జరిగినట్టు రాయండి. అందంగా రాయొద్దు," అంది పిల్లలతో. గట్టు మీద మిగిలిపోయిన అమ్మ రబ్బరు చెప్పుల గురించి యోన్‌జు రాసింది. టీచరు దాన్ని ఆ పిల్ల చేతే తరగతిలో చదివించింది. ఆ సాయంత్రం యోన్‌జు ఇంటికొచ్చి, "అన్నం తిన్నావా నాన్నా?" అంది. మన్‌సిక్ పెరట్లోకి పోయి చాలాసేపు కట్టెలు కొట్టాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా హెడ్మాస్టరు మిరపతోటతో వచ్చింది.

బడి వెనక హెడ్మాస్టరుకు మిరపతోట ఉంది. కలుపు తీసేది అయిదో తరగతి పిల్లలు, పాఠాల వేళలోనే. శనివారం తరగతి సమావేశంలో పిల్లలు దాని మీద చర్చ పెట్టుకున్నారు. చేతులెత్తి లెక్కపెట్టుకున్నారు. యోన్‌జును ముందు పెట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయారు.

"అయ్యా, చదువు వేళ మీ తోటలో కలుపు తీయకూడదని మా తరగతి తీర్మానించిందండీ."

"ఏం చేసింది?"

"తీర్మానించిందండీ."

ఊరు రెండు రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వింది. పెళ్లాం కూర వడ్డించకపోతే "ఏంటి, తీర్మానించావా?" అన్నారు. అంతలో తెలిసింది, జిన్ టీచరు కొత్తగా పెట్టిన ఉపాధ్యాయుల సంఘంలో చేరిందని, ఆ సంఘం చెల్లదని ప్రభుత్వం చెప్పిందని, వదలనివాళ్ల ఉద్యోగాలు పోతాయని. ఊళ్లో నవ్వు ఆగింది.

"అయిదో తరగతి పిల్లల తండ్రులు సాయంత్రం మా ఇంటికి రావలెను," అంది పాంగ్ మైకు.

అరుగు మీద తొమ్మిది మంది కూర్చున్నారు. పాంగ్ భార్య బియ్యపు కల్లు, ముల్లంగి కిమ్చీ పచ్చడి పెట్టింది. పాంగ్ కాయితం చదివాడు. పిల్లల బుర్రల్లో ఎర్రభావాలు నాటే టీచరు మాకు వద్దు, ఇట్లు తల్లిదండ్రులం, అని ఉంది.

"ఎర్రభావాలంటే ఏంటన్నా?" అన్నాడు ఒకడు.

"హెడ్మాస్టరు మిరపకాయలు," అన్నాడు పక్కవాడు. అరుగంతా నవ్వింది.

పాంగ్ నవ్వలేదు. "నవ్వండ్రా. యుద్ధంలో కమ్యూనిస్టులన్న ఆ మాట పడ్డవాళ్లని చంపి ఏ లోయలో పూడ్చారో మీ అమ్మల్ని అడిగి వచ్చి నవ్వండి."

ఇంక ఎవరూ నవ్వలేదు.

పాంగ్ డబ్బా మూత తీశాడు. ఒక్కో ముద్ర తీసి, నోటి ఆవిరి పట్టించి, సిరాలో అద్ది కొట్టుకుంటూ పోయాడు. ఎవర్నీ అడగలేదు. వాళ్లు కిమ్చీ నములుతున్నారు. మూల చిట్లిన ముద్ర చేతికొచ్చినప్పుడు మాత్రం ఆగాడు.

"ఏరా మన్‌సిక్, నీ కూతురు ఆ టీచరు కొంగు పట్టుకునే తిరుగుతుందంట కదా. నీది కొట్టనా, వద్దా? బలవంతం లేదురోయ్. ఇప్పుడు ప్రజాస్వామ్యం."

మన్‌సిక్ తన గోళ్లు చూసుకున్నాడు. చేలో ఆకు కోసే రోజులు. పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది.

"మీ దగ్గరే ఉందిగా అన్నా."

"ఉంది. కొట్టనా అని అడుగుతున్నా."

"మీ దగ్గర ఉన్నదానికి నన్ను అడగటమెందుకు?"

పాంగ్ ఒక క్షణం అతన్ని చూశాడు. ముద్ర మీద ఆవిరి ఊది, కొట్టాడు.

మన్‌సిక్ అవుననలేదు. కాదనలేదు. ఆ రెంటి మధ్య ఒక మనిషి నక్కేంత సందుందని అతనికి ఆ రోజే తెలిసింది.

మర్నాడు తండ్రీ కూతురూ పొగాకు ఆరబెట్టే బ్యారన్ నీడలో కూర్చుని ఆకును తాడుకు గుచ్చుతున్నారు. యోన్‌జు తలెత్తకుండా అడిగింది.

"నాన్నా, టీచరు మీద కాయితంలో నీ ముద్ర కూడా ఉందంట."

"ఎవరే చెప్పింది?"

"పాంగ్ తాత మనవడు. మీ నాన్న కూడా కొట్టాడుగా అని అందరి ముందూ అన్నాడు. కొట్టావా?"

"నా ముద్ర ఉండేది వాళ్లింట్లో కదే. వాళ్లేం చేసుకున్నారో నాకేం తెలుసు?"

మొదటి మాట నిజం. నిజాన్ని ముందు నడిపించి, అబద్ధాన్ని దాని వెనకాల తోలాడు.

యోన్‌జు తల ఎత్తింది. "అంటే నిన్ను అడక్కుండానే కొట్టేశారా?"

మన్‌సిక్ ముడి వేస్తున్నాడు. ఆ ముడి తొందరగా పడలేదు.

"నేను అదే చెప్పా వాడికి! మా నాన్న అట్లాంటోడు కాదురా అని చెప్పా!" ఒళ్లోని ఆకు కింద పడేసి, జిగురు చేతులతోనే బడి వైపు పరిగెత్తింది. మన్‌సిక్ పిలవచ్చు. వినపడే దూరంలోనే ఉంది. పిలవలేదు.

సాయంత్రం జిన్ టీచరు వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"యోన్‌జు నాన్నగారూ, మంగళవారం పట్నం నుంచి విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నారండి. మాకు తెలియకుండా ముద్ర పడిందని ఒక్క తండ్రి చెప్పినా ఆ కాయితాన్ని పక్కన పెట్టాల్సిందే. కానీ ఈ ఊళ్లో బతకాల్సింది మీరు. ఇబ్బందనుకుంటే వద్దండి. నేనేం అనుకోను."

"చూద్దాం లెండి టీచరమ్మా."

"చూద్దాం కాదు టీచర్, చెప్తాడు," అంది యోన్‌జు. "మా నాన్న చెప్తాడు."

మంగళవారం దాకా నిజం చెప్పడానికి సందు దొరకలేదనడానికి లేదు. పొద్దున గంజి తాగేటప్పుడు దొరికింది. చేలో దొరికింది. కూతురు తండ్రికున్న ఒక్క తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేస్తూ కాలర్ దగ్గర రెండోసారి రుద్దుతున్నప్పుడు బాగా దొరికింది. "చెయ్యి కాలుతుందే, చాల్లే," అన్నాడు. అంతే అన్నాడు.

తండ్రుల్ని అయిదో తరగతి గదిలోనే కూర్చోబెట్టారు. పిల్లల కుర్చీలు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. జిన్ టీచరు నల్లబల్ల పక్కన నిలబడి ఉంది. కిటికీ బయట పిల్లల తలలు. అందులో యోన్‌జుది.

ఆఫీసరు మర్యాదస్తుడు. "కాలం మారిందండి. ఎవరి చేతా బలవంతంగా ఏదీ చేయించే రోజులు కావు. అందుకే అడుగుతున్నాను. ఈ కాయితం మీద తనకు తెలియకుండా ముద్ర పడిందనేవారు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి."

పాంగ్ ముందు వరసలో విసనకర్రతో విసురుకుంటున్నాడు. వెనక్కి తిరగను కూడా లేదు. తిరగాల్సిన పని అతనికి లేదు. మన్‌సిక్ లేచి తెలియదంటే, 'మీ దగ్గరే ఉందిగా అన్నది ఎవర్రా?' అని ఒక్క మాట చాలు, కిటికీ దాకా వినపడేట్టు.

అప్పుడు మన్‌సిక్‌కు మూడో దారి కనపడింది. మాటలు వాటంతటవే నోట్లోకి వచ్చి నిలబడ్డాయి. తెలిసే పడింది. నేనే పడనిచ్చాను. తప్పు చేశాను. నా ముద్ర నేను వెనక్కి తీసుకుంటున్నాను. అంతకంటే అక్కర్లేదు. అందులో అబద్ధం లేదు. పాంగ్ దగ్గర దానికి జవాబూ లేదు.

లేచాడు. పూర్తిగా లేవలేదు. మోకాలు బల్లకు కొట్టుకుంది, చిన్న కుర్చీ నడుముకు ఇరుక్కుని అతనితో పాటే లేచింది. సగం వంగి, బల్ల మీద చేతులానించి నిలబడ్డాడు.

పాంగ్ తిరక్కుండానే అన్నాడు. "ఏరా, కాలు తిమ్మిరెక్కిందా?"

గది గొల్లుమంది.

"ఏమైనా చెప్పాలా అండీ?" అన్నాడు ఆఫీసరు.

తల తిప్పితే కిటికీ. తిప్పలేదు.

"లేదండి," అన్నాడు మన్‌సిక్. "తిమ్మిరి."

కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. మళ్లీ తల ఎత్తేసరికి కిటికీలో పిల్లలందరూ ఉన్నారు. యోన్‌జు లేదు.

జిన్ టీచరు ఉద్యోగం పోయింది. వెళ్లే రోజున పిల్లలు ఆమె పుస్తకాల పెట్టెలు బస్సు దాకా మోశారు. దారిలో మన్‌సిక్ ఎదురుపడ్డాడు. తప్పుకుందామంటే రెండు వైపులా వరిమళ్లు. ఆమె ఆగి తల వంచి దణ్ణం పెట్టింది. "ఆరోగ్యం చూసుకోండి యోన్‌జు నాన్నగారూ," అంది. ఒక తిట్టు తిట్టినా ఇంటికి తేలిగ్గా పోయేవాడు. పెట్టె మోస్తున్న యోన్‌జు అతని పక్కనుంచే నడిచిపోయింది.

ఇంట్లో ఆమె గొడవేమీ చేయలేదు. అన్నం వండింది. పులుసు పెట్టింది. ఆకు గుచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పింది. అన్నం తిన్నావా అని అడగటం ఒక్కటే మానేసింది.

ముద్ర వెనక్కి తెచ్చుకోవాలని మన్‌సిక్ అనుకున్నాడు. దాన్ని తెచ్చి కూతురి ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. పాంగ్ వాకిలి ముందు నుంచి రోజూ నడిచాడు. ఒకరోజు లోపలికి పోయాడు.

"ముద్రా? నీదేగా, తీసుకుపో," అన్నాడు పాంగ్, డబ్బా ముందుకు తోస్తూ. "రేపు ఎరువులొస్తే చేలోంచి పరిగెత్తుకొస్తావా దాన్ని పట్టుకుని? ముందు కూర్చో. ఒక గ్లాసు తాగు."

మన్‌సిక్ నవ్వాడు. కూర్చున్నాడు. తాగాడు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. తననెవరూ ఆపలేదు. ఆ సంగతి దారంతా గుర్తుంది.

ఎండాకాలం సెలవులిచ్చే రోజు వచ్చింది. ఆ రోజు రిపోర్టు కార్డులిస్తారు. తండ్రి ముద్ర కొట్టించుకుని మళ్లీ బడిలో ఇవ్వాలి. మన్‌సిక్‌కు అది ఒక తాడులా దొరికింది. ఇందుకైనా తన దగ్గరికి రావాలి కదా. కార్డు ముందు పెడుతుంది. ఆగు, ముద్ర తెస్తాను అంటాడు. పోయి డబ్బాలోంచి తెచ్చేసుకుంటాడు. దాన్ని చేతిలో పట్టుకుని చెప్తాడు. ఇసకతో రుద్ది చేతుల జిగురు వదిలించుకున్నాడు. చేలో పని వదిలి అరుగు మీద కూర్చున్నాడు.

యోన్‌జు వచ్చి చెప్పులు విప్పి, సంచీ లోపల పెట్టింది.

"కార్డు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఇటు తే మరి. ముద్ర కొట్టాలిగా."

"కొట్టించేశా."

సంచీలోంచి తీసి రెండు చేతులతో అందించింది, పెద్దవాళ్లకు ఇచ్చినట్టు. కింది గడిలో తాక్ మన్‌సిక్ అని ఎర్రగా ఉంది. చివరి గీత తెగి ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

"ఎక్కడ?" అన్నాడు. అడగక్కర్లేదని తెలిసే అడిగాడు.

"దారిలో. పాంగ్ తాత వాళ్లింట్లో."

"నన్ను అడక్కుండానే కొట్టాడా?"

"మీ నాన్నను అడగాలా అన్నాడు తాత."

"నువ్వేమన్నావ్?"

"మీ దగ్గరే ఉందిగా తాతా, అన్నా."

మన్‌సిక్ ఆమె ముఖం చూశాడు. ఆ మాట ఎక్కడ విందో, పాంగ్ చెప్పాడో, మనవడు చెప్పాడో, తనంతట తనకే తోచిందో, ఆ ముఖంలో ఏమీ కనపడలేదు. కోపం కూడా లేదు. ఎరువుల సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఆమె చెయ్యి చాపింది. అతను కార్డు ఇచ్చేశాడు. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుని, ఆకు గుచ్చడానికి బ్యారన్ వైపు పోయింది. మార్కులు చూడలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.