దగ్గే మడి

పొద్దున్నే మాతుమెలో అనే ఇల్లాలు చేసే మొదటి పని, అంట్లు తోమిన నీళ్ళు, మొహాలు కడిగిన నీళ్ళు, మొగుడు ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు అన్నీ ఒక బకెట్లో పోసుకుని పెరటి మడికి మోసుకెళ్ళడం. హా-సెఖోతి ఊళ్ళో ఏ ఇంటి మడైనా ఒకటే తీరు. గుండ్రంగా నడుమెత్తు రాతిగోడ, ఒక పక్క మనిషి పట్టేంత సందు, నడిమధ్య పుల్లలతో అల్లిన బుట్ట, అందులో గడ్డీ బూడిదా పేడా. నీళ్ళు ఆ బుట్టలో పోస్తే వాటంతటవే వేళ్ళకి చేరతాయి. మొక్కలకి మంచినీళ్ళు పోసే జల్సా ఆ కొండల్లో ఎవరికీ లేదు. ఊట దగ్గర వరసలో నిలబడి తెచ్చుకున్న నీళ్ళు ముందు మనుషుల ఒంటిమీంచి పారాలి, ఆ తర్వాతే మొక్కలకి.

అందుకే ఎవరి ఒంట్లో ఏముంటే అది వాళ్ళ మడికి పట్టేది. పక్కింటి మాపులేంగ్ నవ్వుల మనిషి. ఆవిడ క్యాబేజీలు గాలి లేకపోయినా ఊగి ఊగి నవ్వేవి. మాతుమెలో మడి దగ్గేది.

ఆ దగ్గు ఆమె మొగుడు మొఖెతి గనుల్లోంచి తెచ్చుకున్నది. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయిందనీ, మందు లేదనీ నర్సు చెప్పేసింది. ఒళ్ళు కడుక్కున్న పూట మాత్రం అతనికి ప్రాణం కాస్త తెరిపిన పడేది. దగ్గు నీళ్ళతో దిగి మడికి చేరేది. ఉత్త నేలమీద పోస్తే దిగదు, పట్టుకోవడానికి వేళ్ళుండాలి. చలికాలమంతా ముదురు పాలకూర కాడలు ఖళ్ళు ఖళ్ళుమంటూ దాన్ని మోశాయి.

"మీ మడి దగ్గుకి మా కోళ్ళు గుడ్లు మానేశాయే తల్లీ. కాస్త అల్లమన్నా పాతరాదూ!" అనేది మాపులేంగ్.

గాలిదుమ్ము రోజులు పోయి పీచ్ పండ్ల చెట్లు పూతకొచ్చాయి. పాత మొక్కలు ముదిరి ఎండిపోతే పీకేసి, మాతుమెలో కొత్త నారు నాటింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డ పేరు కోడలికి ముందే తగిలించడం అక్కడి మర్యాద. మాతుమెలో, అంటే తుమెలో తల్లి అని పెళ్ళినాడే అత్తగారు పిలిచింది. ఏళ్ళు గడిచినా తుమెలో జాడ లేదు. తీరా మొగుడికి ఊపిరాడని కాలంలో వచ్చి కడుపులో పడింది.

నారు నాటిన మర్నాడే లేతమొక్కలు దగ్గలేక దగ్గి, వేళ్ళతో సహా పైకి ఎగిరి, మట్టిమీద వెల్లకిలా పడి ఉన్నాయి. మాతుమెలో మళ్ళీ పాతింది. మళ్ళీ లేచి పడ్డాయి. చినుకు జాడ లేదు. ఊట సన్నగిల్లింది. మొగుడి నీళ్ళు పోయకపోతే మడి ఎండుతుంది, పోస్తే నారు బతకదు.

మాపులేంగ్ తన దగ్గర మిగిలిన నారు తెచ్చిచ్చింది. "ఇదే ఆఖరు. ఇదీ పోతే నా దగ్గర గడ్డిపోచ కూడా లేదు."

"ఎలాగే?" అంది అత్తగారు కోడలితో. "కూర లేకుండా ఉత్త జొన్నముద్ద తిని బిడ్డని ఎలా మోస్తావ్?"

"ఉప్పేసుకు తింటా అత్తా. ఆయన్ని స్నానం మానమని నా నోటితో నేను చెప్పలేను."

గోడ అవతల దుప్పటి కప్పుకుని కూర్చున్న మొఖెతి ఆ మాట విన్నాడు.

ఆ వారం మడి దగ్గు తగ్గింది. నారు నిలదొక్కుకుంది. మడికి నయమైందని మాతుమెలో సంబరపడిపోయింది. ఒకనాడు మొగుడి బేసిను ఎత్తబోతే అందులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సబ్బు పొడిగా ఉంది.

"ఎన్నాళ్ళనుంచి ఈ నాటకం?"

"అరవకే..." దగ్గు తెరలు తెరలుగా వచ్చి అతన్ని వంచేసింది. "దానికి... ఆకుకూర కావాలి."

"దానికి నాన్న వద్దా?"

"మొక్కలు లేతవి. బిడ్డ పుట్టనీ."

ఆమె బతిమాలింది, తిట్టింది, బేసిను విసిరికొట్టింది. కడుపుతో ఉన్న మనిషి మగాణ్ణి ఒంటిచేత్తో ఎలా తోముతుంది? తల్లి చెప్పినా అతను వినలేదు. మడిలో పాలకూర మోచేతి ఎత్తు పెరిగింది. మాతుమెలో రోజూ ఆకులు కోసి వండుకుని, ఏడుస్తూ తింది. ప్రతి ముద్దకీ మొగుడి ఊపిరి కాస్త తరిగిపోతోందని ఆమెకి తెలుసు. తినకపోతే బిడ్డది తరుగుతుంది.

నొప్పులొచ్చిన నాటికి అతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పురిటిగదిలోకి తండ్రికి ప్రవేశం లేదు, బొడ్డు ఊడేదాకా అంతే. వెళ్ళి మడి రాతిగోడమీద ఆకుల మధ్యకి ఒరిగి కూర్చున్నాడు. మొహం నీలంగా ఉంది. లోపల మాతుమెలో నొప్పుల మధ్య అతని దగ్గుకోసం చెవులు రిక్కించింది. కాసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు. లేచి చూసే వీలు లేదు.

బిడ్డ కేరుమంది. "ఆడపిల్ల!" అంది అత్తగారు.

అంతే, పురిటికి సాయమొచ్చిన మాపులేంగ్ తన ఇంటికి పరుగెత్తి, పొద్దున తెచ్చుకున్న నిండు బకెట్ ఎత్తుకొచ్చింది. మగపిల్లాడు పుడితే తండ్రికి కర్రతో నాలుగు తగిలించడం, ఆడపిల్లయితే నీళ్ళు గుమ్మరించడం అక్కడి ఆడవాళ్ళ హక్కు. చావుబతుకుల్లో ఉన్నాడని ఎవరూ మినహాయించరు.

"తండ్రివయ్యావురా కొండముచ్చూ!" అంటూ బకెట్ మొత్తం అతని నెత్తిన బోర్లించింది.

నెలల తరబడి నీళ్ళు తగలని ఒళ్ళు అది. జుట్టులోంచి, మెడమీంచి, వీపు మీంచి పారి, నీళ్ళన్నీ పాలకూర మొదళ్ళలోకి దిగాయి.

గదిలో పడుకున్న మాతుమెలోకి పెరట్లోంచి పెద్ద దగ్గు వినిపించింది. లోతుగా, గొంతు చీలిపోయేలా, ఆగకుండా. అయిపోయింది, ఇదే ఆఖరి దగ్గు అనుకుని బిడ్డని గట్టిగా అదుముకుంది.

"మొక్కలు లేస్తున్నాయా?" అని అరిచింది అత్తగారు.

"ఒక్కటీ లేవట్లేదు!" మాపులేంగ్ గొంతు. "కాడలు ఊగుతున్నాయంతే, వేళ్ళు కదల్లేదు!"

ఆ దగ్గు మధ్యలోంచి ఇంకో గొంతు, గుక్క తిప్పుకోకుండా, "అమ్మా, నా కూతురికి ముక్కు ఎవరిదొచ్చిందో కాస్త సరిగ్గా చూసి చెప్పవే, నీది మాత్రం వద్దు!" అంది.

ఖళ్ళుమన్న చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడింది. మాతుమెలో దాని వీపు నిమిరింది.

"భయపడకు తుమెలో," అంది. "ఆ దగ్గేది మడి. ఆ మాట్లాడేది మీ నాన్న."