మీరేమిట్లు

"మీరేమిట్లు?" అని క్యాంటీన్‌లో వెంకటరామారావు స్నిగ్ధను అడిగినప్పుడు ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నాను. కులం అడగడానికి మా గుంటూరు వైపు ఇంతకన్నా మర్యాదైన మాట లేదు. స్నిగ్ధ దాచలేదు. మాదిగలమండీ అంది. ఆయన ట్రే తీసుకుని వేరే బల్లకు వెళ్లాడు. స్నిగ్ధ కొత్తగా చేరిన టీముకు ఆయనే పెద్ద. వారం తిరక్కుండా ఆమెను ప్రాజెక్టు నుంచి తప్పించాడు.

జర్మనీలో వాల్డార్ఫ్ ఊరి పక్కనున్న మా కంపెనీ అమెరికా సైన్యానికి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. వివక్ష కూడదన్న కంపెనీ నియమాల్లో కులం అనే మాటను మేం కొట్లాడి పెట్టించుకున్నాం. స్నిగ్ధ దాని కిందే ఫిర్యాదు చేసింది. విచారణ జరగనే లేదు. కాంట్రాక్టర్లు వివక్ష చూపరాదని అరవై ఐదులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఇచ్చిన ఉత్తర్వును ఇప్పటి అధ్యక్షుడు గద్దెనెక్కిన మర్నాడే కొట్టేశాడు. ఎవరూ అడక్కముందే మా యాజమాన్యం నియమాలన్నీ ఎత్తేసింది. స్నిగ్ధది ఇంకా ప్రోబెట్సైట్, అంటే ప్రొబేషన్, కారణం చెప్పకుండా తీసేయొచ్చు. తీసేశారు. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా కూడా పోతుంది.

కార్మికుల సభ పెట్టాం. యాజమాన్యమూ, వెంకటరామారావూ వచ్చారు. అమెరికాకు మంచి అధ్యక్షుడు వచ్చేదాకా ఓపిక పడదామన్నాడు మాతో పనిచేసే శశికాంత్. సర్వర్ల గదిలో పనిచేసే వరంగల్ కోటయ్య లేచాడు.

"ఎవని కోసం ఆగుడు? అమెరికాల ఎన్కట ట్రూమన్ సంతకం వెట్టి తెల్ల సిపాయిలను, నల్ల సిపాయిలను ఒక్క బరాక్‌ల పండవెట్టిండు. ఊకెనే వెట్టిండా? అట్లగాకుంటె ఫౌజుల చేరం అని నల్లోళ్లు మొండికేసిన్రు. జాన్సన్ సంతకానికి ముంగట రోడ్డెక్కి పోలీసు కుక్కలతోని కరిపించుకున్నరు. సంతకంతోని వచ్చింది సంతకంతోనే పోతది. మనం నిలవడితేనే నిలుస్తది."

కార్మికుల మండలి అధ్యక్షురాలు పెట్రా "మీరేమిట్లు" అన్న మాటకు అర్థమేమిటని వెంకటరామారావునే అడిగింది. అది మా ఊరి పలకరింపు, బాగున్నారా అన్నట్టు, అన్నాడాయన జర్మన్‌లో, తొణక్కుండా. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అసలు అర్థం చెప్పాను. ఎవరి తెలుగు నమ్మాలో తమకు తెలీదంది యాజమాన్యం. మిగతా తెలుగువాళ్లు నేల చూపులు చూశారు.

"పలుకరింపే అన్నడు గద. మంచిగ పలుకరిద్దాం," అన్నాడు కోటయ్య.

మర్నాటి నుంచి గేటు కాపలాదారు, పాచిపనివాళ్లు, పెట్రా, అందరూ ఆయన ఎదురైతే తలవంచి "మీరేమిట్లు?" అన్నారు. లిఫ్టులో అన్నారు, మీటింగుల్లో అన్నారు. ఎవరూ నవ్వలేదు. వద్దనడానికి ఆయనకు దారి లేదు.

స్నిగ్ధ సామాను తీసుకెళ్లడానికి వచ్చిన మధ్యాహ్నం, క్యాంటీన్‌లో వడ్డించే టర్కీ ఆవిడ గరిటె పట్టుకునే ఆయన్ని "మీరేమిట్లు?" అని అడిగింది. ఆయన ట్రే విసిరికొట్టాడు. నా కులం అడగడానికి నువ్వెవరివని జర్మన్‌లో అరిచాడు.

ఇంకోసారి చెప్పండి, అంది పెట్రా మెల్లగా.

స్నిగ్ధ అట్టపెట్టె దించి ఆయన ఎదురుగా కూర్చుంది. ఉద్యోగం తిరిగొస్తుందన్న ఆశ ఆమెకూ లేదు, మాకూ లేదు. ఆమెను బయటికి పంపమని కాపలాదారుకు ఫోన్ వచ్చింది. అతను వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. తర్వాత నేల చూపులు చూసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. యాజమాన్యం పిలిచిన పోలీసు బండి వచ్చేసరికి ఆ గదిలో ఖాళీ కుర్చీ లేదు.