ఒస్ట్రావాలో జనవరి మ్యాచ్

హయాత్ బాషా మెస్సు వెనక గదిలో ఎనిమిది మంది మగవాళ్ళు చాపల మీద కూర్చుని ఫుట్‌బాల్ పాఠం వల్లె వేస్తున్నారు. చెప్పిస్తున్నది మణి. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆటను మైదానంలో చూసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

"మన క్లబ్బు ఏ ఊరిది?"

"ఒస్ట్రావా ఊరిది!"

"ఎవలు పెట్టిండ్రు?"

"బొగ్గుబాయి పనోళ్ళు పెట్టిండ్రు!"

"రంగులేంది?"

"నీలం, తెలుపు!"

గొంతులన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే ఆగాయి. మణి చదువుకున్న జిల్లా పరిషత్ బడిలో ఎక్కాలు ఇట్లాగే చెప్పించేవారు. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు తెలిసిందీ అదే.

ఎనిమిది మందిలో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు ఆమె మొగుడు పోశయ్య.

దుబాయ్ అంటే బెల్లంపల్లిలో అందరికీ ఒక్కటే ఊరు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారంటే ఇంక వాళ్ళకేం లోటు అనుకుంటారు. పోశయ్య ఉండేది జెబెల్ అలీ క్యాంపులో. కట్టే బిల్డింగులకు ఇనుప రాడ్లు వంచి కట్టడం అతని పని. మణి ఉండేది అక్కడికి గంటన్నర దూరంలోని ఉమ్ అల్ క్వైన్‌లో, బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనకున్న ఆడవాళ్ళ క్వార్టర్సులో. ఆ క్యాంపులోకి ఆడమనిషిని రానివ్వరు, ఈ గేటులోకి మగవాణ్ణి రానివ్వరు. శుక్రవారం రెండు కంపెనీల బస్సులూ మనుషుల్ని దేరా బజారులో దింపి సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుపోతాయి. ఆ నడుమ ఎంత వీలైతే అంతే సంసారం. బాషా మెస్సులో టేబులుకు అటొకరు ఇటొకరు కూర్చుని అన్నం తినడం, క్రీక్ ఒడ్డున పడవలు చూస్తూ నడవడం. నలుగురిలో చెయ్యి పట్టుకోవాలన్నా భయమే. మూడేళ్ళుగా ఇదే వరస.

అట్లాంటి ఒక శుక్రవారం మెస్సులో కృష్ణచైతన్య అనే రాజమండ్రి మనిషి పక్క టేబులు నుంచి మాట కలిపాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, నోరు తెరిస్తే తేనె. మనుషుల్ని యూరప్ పంపించే పని చేస్తానన్నాడు.

"చెక్ దేశంలో ఒస్ట్రావా అని ఊరుందమ్మా. బోల్డు ఫ్యాక్టరీలు. మొగుడూ పెళ్ళాలకి విడిగా గది ఇస్తారు. తలుపేసుకున్నారంటే మీ రాజ్యం మీది" అన్నాడు.

ఆ చివరి మాట పోశయ్య గుండెలో దిగబడిపోయింది. మణి గుండెలో కూడా.

పని వీసా ఒక పట్టాన రాదట. అందుకని ఫుట్‌బాల్ అభిమానుల్లాగా మ్యాచ్ చూడటానికి వెళ్ళాలట. ముందు మగవాళ్ళు వెళ్ళాలట, వాళ్ళు అక్కడ కాలు పెట్టాక పెళ్ళాలను రప్పించడం, మిగతాది తను చూసుకుంటాడట. ఎంబసీ వాళ్ళు మీరు నిజంగా ఆ క్లబ్బు అభిమానులేనా అని గుచ్చి గుచ్చి అడుగుతారు కాబట్టి అన్నీ నోటికి వచ్చి ఉండాలట. ఇంటర్నెట్టులోంచి ఇంగ్లీషు కాగితాలు తీసుకొచ్చాడు. బయటి ఊళ్ళ నుంచి మ్యాచ్ చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఎవరో రాసి పెట్టిన వివరాలు. స్టేషన్లో దిగి ఎటు పోవాలి, స్టేడియం నది అవతల గుట్ట మీద ఎట్లా ఉంటుంది, ఏ రంగు బట్టలు వేసుకుంటే తన్నులు పడతాయి, బయట ఏం తినాలి, టికెట్లకు ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ ఉన్నాయి. మణి పదో తరగతిలో బడికి ఫస్టు. డిక్షనరీ పక్కన పెట్టుకుని వారం వారం కొంత తెలుగు చేసి చెప్పేది. ఎంబసీలో అడిగినప్పుడు దాన్ని హిందీలోకి మార్చుకోవడం క్యాంపుల్లో బతికేవాళ్ళకు నేర్పక్కర్లేదు.

పోశయ్యకు ఆ క్లబ్బు మీద నిజంగానే ప్రేమ పుట్టింది. అతని తండ్రి సింగరేణి బాయిలో దిగినవాడు. "మనసొంటోళ్ళ టీమేనే అది. గనుల పనిచేసెటోళ్ళు పెట్టుకున్నరు" అని క్యాంపులో కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

ఈ శుక్రవారం కృష్ణచైతన్య పాఠం నడుమ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"శుభవార్త. డేటు ఖాయమైంది. జనవరి మూడో వారంలో మ్యాచ్. మీ పాస్‌పోర్టులు నాకు వెంటనే కావాలి. కంపెనీ ఊరికే ఇవ్వదు కదా, రేపే రాజీనామా ఇచ్చేయండి. ఇక్కడి వీసా క్యాన్సిల్ చేసి పాస్‌పోర్టు చేతిలో పెడతారు."

మణి చేతిలో కాగితాలు కిందికి దిగాయి. "రాజీనామా ఇచ్చినంక వీసా రాకుంటే?"

"ఎందుకు రాదమ్మా? నువ్వింత బాగా నేర్పిస్తుంటే."

అందరూ నవ్వారు. పోశయ్య జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి గర్వంగా చూపించాడు. క్యాంపులో ఇంగ్లీషు వచ్చినవాడి చేత ముందే రాయించి పెట్టుకున్నాడు. సంతకం ఒక్కటే తక్కువ. "పొద్దుగాల్నే మా మేనేజర్ ముదీర్‌కు ఇచ్చి ఖలాస్ జేస్త" అన్నాడు.

మణి ఆ కాగితం కేసి చూసింది. పాస్‌పోర్టు వచ్చి వీసా రాకపోతే అతన్ని ఊరికి పంపేస్తారు. తను ఇక్కడ ఒంటరిగా ఉంటుంది. అప్పుడు ఈ శుక్రవారాలు కూడా ఉండవు. అయినా ఆ గది, ఆ తలుపు కళ్ళ ముందు మెదిలి నోరు నొక్కుకుంది. పాఠం మళ్ళీ అందుకుంది.

"మ్యాచ్ కాడ ఏం తింటరు?"

"వేడి వేడి సాసేజ్, ఆవాల ముద్దతోని!"

"వదినా, అది పంది మాంసం అంటుండారు" అన్నాడు నెల్లూరు షాహుల్. "తింటావా అని వాళ్ళడిగితే నేనేం జెప్పేది?"

"కడుపు బాగలేదని జెప్పు" అన్నాడు పోశయ్య. "నీ కడుపు ఎప్పుడూ బాగుండది, అబద్ధం గూడ గాదు."

గది ఘొల్లుమంది. మణి కూడా నవ్వి కాగితం తిప్పింది.

"చలికాలం ఎట్లుంటది?"

"డిసెంబర్ల మంచు వడుతది! ఫిబ్రవరి సగం దాంక ఆటలు బంద్ ఉంటయి!"

తర్వాతి ప్రశ్న నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మళ్ళ చెప్పుండ్రి."

గొంతు చాలలేదేమో అనుకుని ఇంకా గట్టిగా అరిచారు. ఫిబ్రవరి సగం దాకా ఆటలు బంద్.

"ఇంకోపారి."

"ఏంది వదినా, తప్పు బోయిందా?" అన్నాడు షాహుల్.

"ఫిబ్రవరి దాంక ఆటలే ఉండయని మీ నోటితోని మీరే అంటున్రు. జనవరిల మ్యాచ్ అని ఈయన అంటున్నడు. మంచుల ఎవలాడుతరు?"

ఎనిమిది మొహాలూ ఆమెకేసి అయోమయంగా చూశాయి. ఇన్ని వారాలుగా ఆ వాక్యం వాళ్ళ నాలుకల మీదే ఉంది. చెవుల్లోకి మాత్రం ఒక్కసారీ దిగలేదు.

కృష్ణచైతన్య చిన్నగా నవ్వాడు. "అది చిన్నా చితకా క్లబ్బులకి చెల్లెమ్మా. పెద్ద క్లబ్బులకి మంచేమిటి, ఎండేమిటి?"

"ఈ కాయితం ఈ క్లబ్బుదే గద?"

"పాత కాగితం అది."

"పాతదైతే మాతోని ఎందుకు బట్టీ వట్టిపిస్తున్నవ్?"

"ఏయ్ మణీ!" పోశయ్య కసిరాడు. "ఊకో. పెద్దమనిషితోని గట్లనా మాట్లాడేది?"

వెనక నుంచి ఎవరో "నాలుగు ఇంగిలీషు ముక్కలొచ్చినయని ఎచ్చులు" అన్నారు. ఇంకెవరో "మన నోటికాడిది ఎత్తగొడుతది ఈమె" అన్నారు. ఇన్ని వారాలు వదినా, చెల్లే అంటూ నోరారా పిలిచినవాళ్ళే.

అరికాలి మంట నెత్తికెక్కింది మణికి. కృష్ణచైతన్య మీద కోపం వచ్చిందంటే అర్థముంది. వీళ్ళ మీద అంతకు రెండింతలు వచ్చింది. పుట్టినప్పటి నుంచీ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి గడప దాకా వెళ్ళి హోటలంతా వినబడేటట్టు కేక పెట్టింది.

"బాషా భాయ్! మీ ఫోన్ ఇయ్యరాదుండ్రి!"

గల్లా దగ్గర కూర్చున్న ముసలి హయాత్ బాషా అదిరిపడి లేచొచ్చాడు. "ఏంది మా, ఏమయింది?"

"చెక్ దేశంకు ఫోన్ జేయాలె."

ఆయన ఆమె మొహం చూశాడు, కుర్చీలో కూర్చున్నవాడి మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా ఫోన్ తీసి ఇచ్చాడు. కాగితం అడుగున టికెట్ల కోసమని రాసి ఉన్న నంబరు చూసి ఒక్కొక్క అంకే నొక్కింది. అందరికీ వినబడేటట్టు స్పీకర్ పెట్టించింది.

"అమ్మా, శుక్రవారం ఆఫీసులుండవు" అన్నాడు కృష్ణచైతన్య. ఈసారి గొంతులో తేనె తగ్గింది.

"వాళ్ళకు శుక్రవారం సెలవెందుకుంటది?" అంది మణి.

రెండోసారి మోగుతుండగానే ఒక ఆడమనిషి ఫోన్ ఎత్తింది. ఏదో వాళ్ళ భాషలో పలకరించింది. మణి వచ్చిన ఇంగ్లీషులో అడిగింది. మేడమ్, ఫుట్‌బాల్ మ్యాచ్, జనవరి, ఉందా లేదా?

ఆవిడకూ ఇంగ్లీషు అంతంత మాత్రమే. "జనవరి? నో, నో. నో మ్యాచ్." కాసేపు మాట కోసం వెతుక్కుంది. "వింటర్. స్నో!" అని నవ్వింది. మంచి నవ్వు. ఎవరినీ ఎగతాళి చేసిన నవ్వు కాదు.

మణి థాంక్యూ చెప్పి ఫోన్ బాషాకు ఇచ్చేసింది. స్నో అంటే ఏమిటో ఎవరికీ తెలుగు చేసి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు వీళ్ళు లేచి వాడి గల్లా పట్టుకుంటారనుకుంది. ఒకరిద్దరు లేవబోయారు కూడా. కృష్ణచైతన్య మాత్రం అందరికంటే ముందే లేచి చేతులు జోడించాడు.

"చెల్లెమ్మ ఎంత మంచి పని చేసిందో చూశారా! మా ఆఫీసు వెధవలు నాకు తప్పు డేటు ఇచ్చారు. సరే, ఏం పోయింది? మార్చికి మార్చేద్దాం. మార్చిలో మ్యాచులు బోలెడు. రాజీనామాలు మాత్రం రేపే ఇచ్చేయండి. క్యాన్సిల్ అవడానికి ఎలాగూ టైం పడుతుంది."

గది ఊపిరి పీల్చుకుంది.

"మార్చి అయితే చలి కూడా తగ్గుద్దిలే" అన్నాడు షాహుల్, మళ్ళీ చాప మీద సర్దుకుంటూ.

"అవ్, గదే మంచిది" అన్నాడు ఇంకొకడు.

లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. పోశయ్య మాత్రం సగం లేచి, సగం వంగి, ఎటూ కాకుండా ఉండిపోయాడు.

"లేస్తవా, లేవవా?" అంది మణి. కాగితాలు కృష్ణచైతన్య కుర్చీ మీద విసిరికొట్టి బయటికి వచ్చేసింది.

సందులో మెస్సు వెనక గోడకు ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి పోశయ్య చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తివి."

"నీ ఇజ్జత్ వాని జేబుల వెట్టినవ్. నేను తీసేదేమున్నది?"

"నీకేం దెలుసే? గా గది మాట యినంగనే నాకు ఎట్లయిందో నీకేం దెలుసు? నీకు అక్కరలేకపోవచ్చు."

"నాకు అక్కర లేదా?" అంది మణి. "పొయ్యి ఏ మూలకు వెట్టాల్నో సూసుకున్న. బట్టలారేసే దండెం యాడ కట్టాల్నో సూసుకున్న. పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోతుంటే తలుపు కాడ నిలబడి... వారం పొడుగూత బిస్కెట్లు డబ్బాల నింపుకుంట గా గదిలనే ఉన్న నేను. వాడు అబద్ధమాడిండని గాదు నా కోపం. గా గది తీస్కపోయి వాని అబద్ధంల వెట్టిండు, అందుకు!"

పోశయ్య జేబులోని రాజీనామా కాగితాన్ని తడుముకున్నాడు. పక్క దుకాణం వాడు తొంగి చూసి లోపలికి పోయాడు.

"రేపియ్యను తియ్" అన్నాడు చివరికి.

"ఒట్టు?"

"ఇయ్యనన్న గద. పాణం తీస్తవేందే."

ఆమెకు ఏడుపు రాలేదు, నెమ్మదీ రాలేదు. పోశయ్య బస్సులు ఆగే వైపు చూసి, ఆమె వైపు చూసి, మెల్లగా అన్నాడు. "ఇంక టైమున్నది. పా, క్రీక్ దిక్కు పోయి కూసుందాం. కోపం తగ్గుతది."

వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ మాట కోసమే. రెండడుగులు వేసింది కూడా. వెనక గది కిటికీలోంచి కృష్ణచైతన్య గొంతు వినబడింది. "రంగులేంటి?" ఏడు గొంతులు కలిసి లేచాయి. "నీలం, తెలుపు!"

మణి నిలబడిపోయింది.

"వాళ్ళ ఖర్మ. మనకెందుకే?" అన్నాడు పోశయ్య.

"నువ్వు లేసి అచ్చినవ్. ఎందుకచ్చినవ్? నేనీడ ఉన్నగాబట్టి. వాళ్ళ పెండ్లాలు ఈడ లేరు గద!"

గిర్రున వెనక్కి తిరిగింది. గల్లా దాటి, బాషాను దాటి, వెనక గదిలోకి దూరి షాహుల్ ఎదురుగా చాప మీద కూలబడింది. గొంతులు తెగిపోయాయి.

"షాహుల్, రేపు రాజీనామా ఇస్తున్నవని మీ ఇంట్ల జెప్పినవా?"

షాహుల్ చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"నిన్నే అడిగేది. నీ పెండ్లాం దౌలత్‌బీకి జెప్పినవా లేదా?"

"లేదు వదినా. వీసా వచ్చినాక జెబ్దామని..."

"ఎందుకు జెప్పలేదు? జెప్తే ఏమంటది?"

మణి పక్కవాడి వైపు తిరిగింది. "నువ్వు?" ఆ పక్కవాడు అంతకు ముందే మొహం తిప్పుకున్నాడు.

"అమ్మా, నీ బస్సు టైమవుతోందేమో చూసుకో" అన్నాడు కృష్ణచైతన్య కుర్చీలోంచి. "పోయిందంటే మీ క్వార్టర్సులో లోపలికి రానివ్వరు."

"పోనీ" అంది మణి, వాడి వైపు చూడకుండానే, మొహం తిప్పుకున్నవాడి ముందుకు జరుగుతూ. "నువ్వు జెప్పు తమ్మీ. మీ ఇంట్ల జెప్పినవా?"