స్తంభం కింద చెయ్యి

ఆ గజ ఈతగాడికి వంతెనల పునాదులు పరీక్షించడమే ఇరవై ఏళ్ళుగా పని. ఏటి అడుగున బురదనీళ్ళలో కళ్ళు పనిచెయ్యవు. అరచేతులతో తడిమే చూడాలి.

ఆ ఉదయం మూడో స్తంభం దగ్గర దిగాడు. పోయినేడు దాని పునాది దిమ్మె నిండా ఇసుకలో పూడి ఉంది. ఇప్పుడు తడుముతూ ఎంత దిగినా కాంక్రీటే తగులుతోంది. దిమ్మె అంచు దొరికింది. దాని కిందికి చెయ్యి పోనిచ్చాడు. భుజం దాకా పోయింది. ఇసుక లేదు. నీళ్ళే!

అప్పుడే పైన ఏదో బస్సు వెళ్ళినట్టుంది, దిమ్మె సన్నగా వణికింది. 

పైకొస్తూనే ముఖానికున్న మాస్కు పీకేశాడు. "వంతెన మీద బళ్ళు ఆపించండి! ముందు బళ్ళు ఆపించండి!"

పడవలో ఉన్న ఇంజినీరమ్మ బిత్తరపోయింది. "ఏమైంది?"

"కింద ఏం లేదమ్మా."

ఆవిడ మారుమాట్లాడకుండా ఫోనందుకుంది. అరగంటలో వంతెన మూసేశారు.

వంతెనకి కాస్త దిగువన పడవమీంచి ఇసుక తోడించేది అతని బావమరిదే. ఆ గుంటలోకే స్తంభం కింది ఇసుక జారిందని, ఇక తన పనీ ఆపిస్తారని విని చిందులు తొక్కుతూ వచ్చాడు.

"నా పొట్ట కొట్టావు కదా బావా! ఇసుకకేం కరువు? వరదొస్తే ఏరే తెచ్చి పోస్తుంది!"

"నువ్వు ఏడాదిలో తోడింది పొయ్యాలంటే ఏటికి ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా?"

"మరి నీ ఇల్లు దేంతో కట్టావు? నేనిచ్చిన ఇసుకతో కాదూ?"

 ఈతగాడు పడవలోంచి రెండో మాస్కు తీసి చేతికిచ్చాడు. "దిగు. నువ్వే చూడు."

నీళ్ళలో బావమరిది చెయ్యి పట్టుకుని దిమ్మె కిందికి తోశాడు. ఆ చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

పైకొచ్చాక బావమరిది పడవ అంచు పట్టుకుని వేలాడాడు. 

"మా చిన్నదాని స్కూలు బస్సు..." అన్నాడు. "రోజుకి రెండుసార్లు బావా... దీని మీంచే."

 

బావమరిది తన పడవకి పోయి ఇంజను ఆపించాడు. పనివాళ్ళు ఇసుక తోడే గొట్టం పైకి లాగారు. వాళ్ళలో పెద్దాయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "రేపు పనికి ఎన్నింటికి రమ్మంటారు?"