కింది సిలిండర్లలో నూనె

పాత యుద్ధవిమానాల ప్రదర్శన చూడ్డానికి తాడుకి ఇవతల నిలబడ్డ జనంలో ఆమె కూడా ఒకతె. తాడుకి అవతల, ఎండలో తళతళలాడుతూ, ఆమె విమానం. విడాకులప్పుడు కోర్టు దాన్ని మొగుడికి ఇచ్చింది కాబట్టి ఇప్పుడు అతనిది. అందరూ కెప్టెన్ అని పిలిచే ఆ మాజీ మొగుడి పేరొక్కటే ముందున్న బోర్డు మీద ఉంది: "తుక్కు నుంచి లేపి ప్రాణం పోసినవారు." ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది.

పక్కనున్న పెద్దావిడ, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదమ్మా, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అంది.

"ముక్కు చూడండి పిన్నిగారూ. కొంగలా పొడుగ్గా ఉంటే లోపల నీళ్ళతో చల్లబడే ఇంజను. పీపాలా గుండ్రంగా ఉంటే సిలిండర్లు చుట్టూ పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉంటాయి, గాలే చల్లబరుస్తుంది. అదిగో, మన ముందున్న ఆ బొద్దుముక్కుది. యుద్ధంలో ఒళ్ళంతా తూట్లు పడ్డా ఇంటికొచ్చే జాతి. రెక్క మీద రేకుల్ని బిగించిన రివెట్లు కనిపిస్తున్నాయా? చెయ్యి రాస్తే తగలవు. రేకులో అంత సమంగా దిగాయి."

"ఎవరు కొట్టారో గానీ మహా ఓపిక!"

"అవునండీ, మహా ఓపిక," అంది ఆమె పళ్ళ మధ్య నుంచి.

ఇంతలో కెప్టెన్ తమ్ముడు ఆమెను చూసి తాడు దగ్గరికొచ్చాడు. "వదినా! నువ్వొచ్చావని తెలిస్తే అన్నయ్య నా తోలు తీస్తాడు."

"తీస్తే కుట్టుకుందువులే. దీన్నెప్పుడు తెచ్చారు?"

"పొద్దున ట్రాక్టరుతో లాక్కొచ్చాం. వారాల తరబడి షెడ్డులోనే ఉంది. టీవీవాళ్ళ ముందే స్టార్టు చేస్తానని కూర్చున్నాడు."

"ప్రొపెల్లర్ చేత్తో తిప్పారా?"

"అదంతా మీ వదిన చాదస్తం అన్నాడు."

ఆమె చూపు విమానం ముక్కు మీదికి పోయింది. ఊరికే నిలబడ్డ గుండ్రటి ఇంజనులో నూనె మెల్లగా కింది సిలిండర్లలోకి దిగుతుంది. నూనె గాలిలా అణిగి దారివ్వదు. స్టార్టు బటన్ నొక్కగానే పిస్టన్ పోయి దాన్ని గుద్దుకుంటుంది, పిస్టన్‌ని నడిపే కడ్డీ వంగుతుంది, అంతటితో ఇంజను చస్తుంది. ముందు చేత్తో తిప్పితే అడ్డం ఉందో లేదో తెలిసిపోతుంది. కాపురం చేసినన్నాళ్ళూ అతను గడ్డం గీసుకుని తీరిగ్గా వచ్చేసరికి ఆమె తిప్పి ఉంచేది.

కెప్టెన్ తెల్లటి యూనిఫాంలో, మెడకు రుమాలుతో విమానం ఎక్కాడు. జనానికి చెయ్యూపాడు.

నొక్కనీ, అనుకుంది ఆమె. ఇంతమంది ముందు ఫెడేల్మనాలి. వాడి ముఖం మాడి మసైపోవాలి. ఆ ఊహకే నోరు తీపెక్కింది. కానీ ఆ కడ్డీల్లో ఒక్కోదాన్నీ తుప్పు గీకి, నునుపు చేసి, ఒళ్ళో పెట్టుకుని తుడిచింది తను. వాడి నోట్లో మన్ను కొట్టడానికి నా బిడ్డ గొంతు నేనే పిసకాలా?

తాడు కింద నుంచి దూరి, వెళ్ళి విమానం ముందు నిలబడింది.

"ఏయ్, తప్పుకో!" పైనుంచి అరిచాడు కెప్టెన్.

"కింద నూనె దిగి ఉంటుంది. స్విచ్చి కట్టేసి దిగు. నువ్వే తిప్పు."

"నీ నాటకాలు కోర్టులోనే అయిపోయాయి!"

"దిగడానికి భయమా?"

టీవీ కెమెరాలు ఇటు తిరిగాయి. ఇక తప్పలేదు. స్విచ్చి కట్టేసి, నవ్వు పులుముకుని దిగాడు. "ఈవిడగారి ముచ్చట తీరుద్దాం," అని ప్రొపెల్లర్ పట్టుకుని లాగాడు. కాస్త తిరిగింది. ఆ పైన గోడకు తగిలినట్టు ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది. అదేమిటో అతనికి తెలియక కాదు.

"కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి నూనె తీసిపెట్టు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎగిరే వంతు వచ్చేస్తోంది. నీకు దండం పెడతా."

"ప్రాణం పోసినవాడివి నువ్వేగా. విప్పుకో."

వచ్చిన దారినే తాడు ఇవతలికి వచ్చేసింది. తమ్ముడికి ఆ పని రాదు. కెప్టెన్ నేల మీద వెల్లకిలా పడుకుని విమానం ముక్కు కిందికి పాకాడు. ప్లగ్గు ఊడింది. నల్లటి నూనె బుడబుడమంటూ తెల్ల యూనిఫాం మీదా, ముఖం మీదా పడింది. జనం గొల్లుమన్నారు. మైకులో అతని వంతు రద్దయిందని చెప్పారు. తర్వాతి విమానం గాలిలోకి లేచింది.

మరిది నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. "కసి తీరిందా వదినా?"

"తొందరేముందయ్యా," అంది ఆమె, కళ్ళు తిప్పకుండా. "ఇంకా రెండు ప్లగ్గులున్నాయి."