అబిసార జంట

బుడే సాహెబ్ గాజు మూత ఎత్తి, పెట్టె మూలల్లో కలరా ఉండలు మారుస్తున్నాడు. బాపట్లలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా ముప్పై నాలుగేళ్ళుగా నెలకోసారి చేస్తున్న పనే. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. వేళ్ళకి ఆ ఉండల వాసన ఎప్పుడో పట్టేసింది. రేపల్లెలో ఇంటిదగ్గర అతను కలిపిన ముద్దను భార్య జాన్‌బీ ఏనాడూ నోట పెట్టించుకోలేదు. చచ్చిన పురుగులకి కాపలా కాయడం ఒక ఉద్యోగమా అని వెక్కిరించేది.

"బతికున్న సార్లకంటే నయమే" అనేవాడు.

ఈ పెట్టెలో ఉన్నది అబిసార ప్రజాతి సీతాకోకచిలుకల జంట. ఎండిన రేగిపండు రంగు రెక్కలు, వెనక రెక్క అంచున నల్లచుక్కలు. ఆకు మీద వాలగానే గిరుక్కున వెనక్కి తిరిగి, రెక్కలు సగం విప్పి కూర్చునే రకం. పాతికేళ్ళ కిందట శ్రీశైలం టూరులో ఒకే పొద దగ్గర అతనే పట్టాడు. అప్పటి హెడ్డు రంగనాయకులు మాస్టారు భూతద్దం అతని చేతికిచ్చి చూపించారు.

"మగదానికి ముందుకాళ్ళు రెండూ కురచ, నడవడానికి నాలుగే. ఆడదానికి ఆరూ పనికొస్తాయి. గుర్తుపెట్టుకో సాయిబూ."

గుర్తుపెట్టుకున్నాడు. పుస్తకాలు ఈ ప్రజాతిని ఒకప్పుడు నీలిరెక్కల కుటుంబంలో కలిపాయి, తరవాత విడదీసి వేరు కుటుంబంలో పెట్టాయి. పెట్టె మారినప్పుడల్లా అతను జంటను జంటగానే మార్చాడు, మాస్టారి చేతిరాత లేబుల్‌తో సహా.

ఇప్పటి హెడ్డు మధుసూదన్ సార్. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఆయన్ని చూసే పుట్టి ఉండాలి. పేరుకి ముందు డాక్టరు, వెనక నాలుగు డిగ్రీలు, మధ్యలో ఏమీ లేదు. ఎనిమిదేళ్ళలో పెట్టె మూత తీసి చూసిన పాపాన పోలేదు. రేపు తనిఖీ కమిటీ వస్తోందని ఇవాళ భూతద్దం పట్టుకుని దిగాడు.

"ఇదేంటి బుడే? ఒకే లేబుల్ కింద ఒకదానికి నాలుగు కాళ్ళు, ఒకదానికి ఆరు?"

"ఒకటి మగది, ఒకటి ఆడదండి. ఈ కుటుంబంలో అంతేనండి."

"నాకు చెప్తున్నావా? నువ్వెంతవరకు చదివావు?"

"తొమ్మిదండి."

"మరి? రేపు వాళ్ళడిగితే ఎవడు చెప్తాడు? ఆ ఆరుకాళ్ళదానికి ముందు రెండూ పీకేయ్. నాలుగూ నాలుగూ సరిపోతాయి. లేబుల్ కూడా పాతబడింది, కొత్తది రాయి."

బుడే సాహెబ్ చాలామంది తెలివితక్కువవాళ్ళకి టీలు మోశాడు. ఉన్న నిజాన్ని పీకి పారెయ్యమన్నవాణ్ణి చూడడం ఇదే మొదలు. అసహ్యం వేసింది. అయినా నోరు అలవాటు తప్పలేదు.

"అలాగేనండి."

సార్ టిఫిన్‌కి వెళ్ళాక ఫోర్సెప్స్ తీశాడు. కాలు వెంట్రుక కంటే సన్నం, తాకితే చాలు ఊడొస్తుంది. దాన్ని పక్కన పెట్టి లేచి, తన క్యారేజీ కింది గిన్నె కడిగి తుడిచి, అడుగున బెండుముక్క అతికించాడు. ఉద్యోగంలో ఒక గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి, జంటను, మాస్టారి లేబుల్‌ను అందులో గుచ్చాడు. ఖాళీ అయిన చోట వేరే పెట్టెలోంచి తెచ్చిన మామూలు గోధుమరంగు సీతాకోకచిలుకలు రెండు పెట్టాడు. ఆ రకంలో ఆడా మగా రెండూ నాలుగు కాళ్ళవే.

సార్ వచ్చి లెక్కపెట్టుకున్నాడు. "చూశావా, ఇప్పుడు ఎంత బాగా కుదిరాయో!"

"లేబుల్ మీరే రాయండి సార్. నాకు చెయ్యి నొప్పిగా ఉంది."

సార్ గుండ్రటి అక్షరాలతో అబిసార అని రాసి, మురిసిపోయాడు.

సాయంత్రం తెనాలిలో దిగి, రేపల్లె బండి మారాడు బుడే సాహెబ్. ఒళ్ళో క్యారేజీ కుదుపులకి ఒరగకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. రేపల్లెలో అందరూ దిగినా అతను లేవలేదు. రోజూ అదే బోగీలో వచ్చే శాలేమురాజు భుజం తట్టాడు.

"బాబాయ్, ఊరొచ్చింది. దిగవా?"

తల పక్కకి వాలింది. చేతులు మాత్రం క్యారేజీని వదల్లేదు.

మర్నాడు బాపట్లలో కమిటీవాళ్ళు పెట్టె చూసి, వర్గీకరణ అద్భుతం అని రాసిపోయారు. అటెండరు ఎందుకు రాలేదని సార్ విసుక్కున్నాడు.

నాలుగు రోజులకి జాన్‌బీ కడుగుదామని క్యారేజీ విప్పింది. పై గిన్నెలో ఎండిన మెతుకులు. కింది గిన్నెలో, కలరా ఉండ పక్కన, ఆరు కాళ్ళూ చెక్కుచెదరని ఆడది, దాని పక్కనే మగది.